పావగడ సీమలో వ్రాత లేని కథలు

పావగడ అనగానే మన బెంగుళూరు తెలుగువారికి శనిమహాత్ముని గుడి గుర్తుకు వస్తుంది. శనివారం తెల్లవారుజామున బస్సు ఎక్కి, నువ్వుల నూనె దీపం వెలిగించి, దర్శనం చేసుకొని, మధ్యాహ్నం బస్సుకే తిరిగి వచ్చేవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ఊరిని ఆనుకొని నిలిచిన కొండను, దానిమీది కోటను తలయెత్తి చూసేవారు తక్కువ. ఆ ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందని అడిగేవారు ఇంకా తక్కువ.

మొదట కోట కట్టేటప్పుడు అక్కడ పాము బొమ్మ చెక్కిన రాయి ఒకటి బయటపడిందని, దానినిబట్టే కొండకు పావుగడ అని పేరు వచ్చిందని చెబుతారు. పాత కన్నడంలో పావు అంటే పామే. ఇప్పటి కన్నడంలో అది హావు అయింది. మనకు పాముగానే ఉండిపోయింది. ఊరి పేరును వ్రాసి పెట్టిన శాసనం వలన గాక, ఒక రాతిమీది బొమ్మ వలన పేరు వచ్చిన ఊరన్నమాట. ఈ సంగతి తెలిసిన తరువాతనే నాకు ఆ సీమలో వ్రాత లేని బొమ్మలను వెదుక్కుంటూ తిరగాలనే కోరిక కలిగింది.

పావగడ తాలూకా ఉన్న తీరే ఒక వింత. కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినది. కాని దాదాపు మూడు వైపుల ఆంధ్రదేశమే. తుమకూరు నుండి మధుగిరి మీదుగా వెళ్ళే బస్సు కొంతసేపు ఆంధ్రలో నడిచి మళ్ళీ కర్ణాటకలోకి వస్తుంది. దుకాణాల పలకలమీది లిపి మారితే గాని మనకు ఆ సంగతి తెలియదు. నేల మారదు. అవే బోడికొండలు, అవే వేరుశనగ చేలు, అదే నీటి కరువు. మాట కూడా మారదు. పావగడ పల్లెలలో ఇంటి భాష ఎక్కువగా తెలుగే. బడి భాష కన్నడం. అందువలన అక్కడ తెలుగులో కలలు కనేవారు, తెలుగులో పోట్లాడుకొనేవారు కొల్లలుగా ఉన్నారు గాని, తెలుగు అక్షరం చదవగలవారు తక్కువ. అవ్వ చెప్పిన కథ మనుమడికి నోటికి వస్తుంది. దానిని వ్రాయమంటే కన్నడ లిపిలో వ్రాస్తాడు. బెంగుళూరులోని మన పిల్లల స్థితి కూడా ఇంతకంటె భిన్నంగా లేదు గనుక దీనిని వింతగా చెప్పుకోవడానికి మనకు అధికారం లేదు.

ఏ లిపీ అక్కరలేని కథలు ఆ సీమలో పొలం గట్లమీద, చెరువు కట్టలమీద, ఊరి పొలిమేరలలో నిలబడి ఉన్నాయి. వీరగల్లు అంటారు వాటిని. యుద్ధంలో గాని, ఊరి పశువులను కాపాడబోయి గాని చనిపోయినవాని పేర నిలిపిన రాయి. తుమకూరు జిల్లాలోనూ, ఇటు అనంతపురం వైపునా ఇవి విరివిగా కనిపిస్తాయి. కొన్నింటిమీద కన్నడ అక్షరాలు ఉంటాయి. చాలావాటిమీద బొమ్మ తప్ప ఒక్క అక్షరం ఉండదు.

మా మిత్రులు ఒకరు ఆ ప్రాంతంలో చాలాకాలం బడిపంతులుగా పనిచేసి విరమించినారు. వారితో కలిసి పావగడకు కొద్ది దూరంలోని ఒక పల్లెకు పొద్దున్నే వెళ్ళాను. చింతచెట్టు క్రింద, సగం మట్టిలో కూరుకొనిపోయి, నా నడుమెత్తు రాయి. నుదుట కుంకుమ, మెడకు వాడిన పూలు. ప్రక్కనే పొలం గల వృద్ధుడు మమ్మల్ని చూసి వచ్చినాడు.

"ఏం సామీ, రాయి జూసేకి అంత దూరం నుంచి వస్తిరా?" అన్నాడు.

"ఇదెవరు తాతా?" అన్నాను.

"వీరుడు సామీ. మా చేనికి కావలి."

ఈ రాళ్ళను క్రిందనుండి పైకి చదవాలి. మన పుస్తకాలకు తలక్రిందులు. ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే తాత క్రింది వరుసనుండి మొదలుపెట్టినాడు. అక్కడ విల్లు పట్టిన మనిషి ఒకడు, వానికెదురుగా చిన్నచిన్న మనుషులు ఇద్దరు ముగ్గురు, వెనుక వరుసగా ఆవుల తలలు. "ఆవుల్ని తోలకపోయేకి దొంగోళ్ళు వచ్చినారు. ఈయప్ప అడ్డం పడినాడు. సచ్చినాడు." ఏ శాసన పండితుడైనా ఇంతే చెబుతాడు. వెనుకటి రోజులలో ఒక రాజ్యంతో మరొక రాజ్యానికి తగవు వస్తే మొదట జరిగేది పశువులను తోలుకొనిపోవడమే. కన్నడ శాసనాలలో దానికి 'తుఱుగోళ్' అనే మాట ఉన్నది. మన భారతంలోని ఉత్తర గోగ్రహణం సరేసరి.

నడిమి వరుసలో వీరుడు మధ్యన ఉన్నాడు, ఇరువైపుల ఇద్దరు స్త్రీలు అతనిని పట్టుకొని ఉన్నారు. శిల్పశాస్త్రం తెలిసినవారు వీరిని అప్సరసలంటారు. రణంలో పడినవానిని స్వర్గానికి తీసుకొనిపోతున్నారని చెబుతారు. తాతను అడిగాను.

"ఆయప్ప పెండ్లాలు గదా సామీ. సచ్చినాక గూడా యిడిసిపెట్టలా."

మా పంతులుగారు నవ్వు ఆపుకోలేక అటు తిరిగినారు. పై వరుసలో లింగం, నంది, ఎదుట చేతులు జోడించి కూర్చున్న వీరుడు, అంచున సూర్యచంద్రులు. "శివుని కాడికి పోయినాక ఇంకేముంది, కూసున్నాడు" అని తాత కథ ముగించినాడు. సూర్యచంద్రులు ఎందుకని అడిగితే, "రేయీ పగులూ ఆడే ఉంటాడు గదా" అన్నాడు. సూర్యచంద్రులున్నంతవరకు ఈ కీర్తి నిలుస్తుందని శాసనాలు చెప్పే మాటకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి.

పెండ్లాల సంగతి నేను దిద్దలేదు. చెక్కినవాని ఉద్దేశం అప్సరసలే కావచ్చు. చెప్పేవారు తరాలుగా లేకపోయినందున ఆ ఒక్క వరుస అర్థం జారిపోయింది, జారినచోట ఊరివారు తమకు తెలిసిన అర్థాన్ని అమర్చుకొన్నారు. బొమ్మకు భాష అక్కరలేదని మనం తరచుగా అంటూ ఉంటాము. అది సగమే నిజం. ఆవులు, విల్లు, నంది ఎవరికైనా తెలుస్తాయి. ఆ స్త్రీలెవరో తెలియాలంటే ప్రక్కన ఒక నోరు ఉండాలి. ఈ ప్రయాణంలో ఎక్కడికి పోయినా నాకు ఈ సంగతే ఎదురయింది.

అదే ఊరి చెరువు కట్టమీద మాస్తికల్లు ఉన్నది. మహాసతి అనే మాటే మాస్తి అయింది. భర్తతో సహగమనం చేసిన స్త్రీకి నిలిపిన రాయి. నిలువు స్తంభం, దానిలోనుండి బయటికి వచ్చి మోచేతి దగ్గర పైకి మడిచిన కుడిచేయి, చేతినిండా గాజులు, తెరచిన అరచేయి. ఈ రకం రాళ్ళలో కొన్నింటిమీద బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ నిమ్మకాయ కూడా ఉంటుంది. గాజులు తీయలేదు గనుక ఆమె సుమంగళిగానే పోయిందని దాని అర్థం. ఊరి ఆడవారు మాస్తెమ్మ అని పసుపు పూస్తారు. నాకు మాత్రం ఆ రాయి ముందు చాలాసేపు నిలబడడం కష్టమయింది. అంతకుముందు చూసిన వీరునికి ముఖం ఉన్నది, విల్లు ఉన్నది, శత్రువులున్నారు, స్వర్గం ఉన్నది. ఈమెకు ఒక చేయి మాత్రమే ఉన్నది. ఆమె తనంత తాను వెళ్ళిందా, పంపినారా అనేది ఏ బొమ్మా చెప్పదు. చెప్పదలచుకోని సంగతులను దాచడానికి కూడా బొమ్మ పనికివస్తుంది.

మూడవ రకం సరిహద్దు రాళ్ళు. వీటికి కథ తక్కువ, పని ఎక్కువ. శివాలయానికి ఇచ్చిన మాన్యం చుట్టూ లింగముద్ర వేసిన రాళ్ళు పాతేవారు. విష్ణుభక్తులైన బ్రాహ్మణులకు దానం చేసిన భూమి అయితే గొడుగు, కమండలం పట్టిన వామనుని బొమ్మ. జైనులదైతే ముక్కొడె, అంటే మూడు గొడుగులు. దానశాసనాన్ని గుడిలో ఎంత పొడుగున వ్రాయించినా, నాగలి పట్టినవాడికి అది చదవడం రాదు. గట్టు దగ్గర లింగం కనిపిస్తే ఎద్దులను మళ్ళిస్తాడు. శాసనాల చివర దానం చెరిపినవానికి శాపం ఉంటుంది కదా, దానికి కూడా కొన్ని చోట్ల బొమ్మ ఉన్నది. గాడిదతో కూడిన ఆ బొమ్మను మన కుటుంబ పత్రికలో వర్ణించడం బాగుండదు.

పాత కాలపు సంగతి కదా అని దీనిని కొట్టివేయడానికి లేదు. 1951 జనాభా లెక్కలలో మన దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది చిల్లర. ఆ ఏడాది చివర మొదలై 1952లో ముగిసిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించినారు. చదువురాని ఓటరు తన గుర్తు ఉన్న పెట్టెలో కాగితం వేసి వచ్చినాడు. పెట్టెలు పోయి కాగితాలు, కాగితాలు పోయి యంత్రాలు వచ్చినా గుర్తు మాత్రం పోలేదు. లింగముద్ర రాయిని పాతినవానికి ఈ ఉపాయం వివరించి చెప్పవలసిన పని ఉండదు.

అంత దూరం పోలేనివారు బెంగుళూరు కస్తూర్బా రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియముకు చేరిన రాళ్ళ సంగతి తెలుసుకోవాలి. బేగూరు వీరగల్లు అక్కడిదే. సుమారు 900 నాటిది. గంగరాజు ఎఱెయప్ప ఆజ్ఞపై నాగత్తరుడనే సేనాని వీరమహేంద్రుడితో పోరి చనిపోయినాడు. ఈ మహేంద్రుడు నొళంబ రాజని కొందరు చరిత్రకారులు అంటారు. నొళంబుల రాజధాని పావగడ పొరుగున, ఆంధ్ర సరిహద్దులోపల ఉన్న హేమావతి. వెనుకటి పేరు హెంజేరు. ఆ బేగూరు రాతిమీద ఏనుగులు, గుర్రాలు, కత్తులు దూసిన బంట్లు క్రిక్కిరిసి ఉన్నారు. అక్షరాలు కూడా ఉన్నాయి. తమాషా ఏమంటే, అక్షరాలు పోరు సంగతి రెండు ముక్కలలో ముగించి, నాగత్తరుని తరువాత ఇరుగుడనే వానికి ఇచ్చిన ఊళ్ళ పేర్లు లెక్కపెడతాయి. యుద్ధం చూడాలంటే బొమ్మనే చూడాలి.

మరొకటి ఆతకూరు రాయి. 949-50 నాటిది. కాళి అనే వేటకుక్క పెద్ద అడవిపందితో పోరాడి, రెండూ చనిపోయినాయి. ఆ కుక్కకు రాయి నిలిపి, దానికి పూజ జరగడానికి భూమి ఇచ్చినారు. రాతిమీద కుక్క, పంది ఎదురెదురుగా ఉన్నాయి. మా మనుమరాలికి నేను ఈ రాయి కథ చెప్పినప్పుడు, "కుక్క పేరు ఎలా తెలిసింది తాతా?" అని అడిగింది. మంచి ప్రశ్న. పోరు బొమ్మనుండి తెలిసింది, పేరు అక్షరం నుండి తెలిసింది.

పావగడనుండి మేము హిందూపురం చేరి, మర్నాడు అక్కడికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షికి వెళ్ళాము. లేపాక్షి గురించి ఎవరు వ్రాసినా వ్రేలాడే స్తంభంతో, పెద్ద నందితో మొదలుపెడతారు. మేము వాటిని దాటి నాట్యమంటపంలోకి పోయి తలలెత్తి నిలబడ్డాము. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి ఇది. పైకప్పుమీద పొడవాటి పట్టీలుగా కథలు వ్రాయించినారు. ఎరుపు, పసుపు, నలుపు, ఆకుపచ్చ. పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, శ్రీరామ పట్టాభిషేకం, కిరాతార్జునీయం, ఆవుదూడకోసం కన్నకొడుకునే రథచక్రం క్రింద వేయించిన మనునీతి చోళుని కథ.

కిరాతార్జునీయపు పట్టీ చదవడం సరదాగా ఉంటుంది. ఒకే అర్జునుడు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాడు. ఒకచోట తపస్సు చేస్తూ, ఒకచోట పందిమీద బాణం వేస్తూ, మరొకచోట కిరాతునితో కలియబడుతూ. నడుమ గీతలు గీసి గదులు చేయలేదు. ఒక చెట్టో, ఒక మనిషి వెనుదిరిగి నిలుచోవడమో ఉంటే ఒక ఘట్టం అయిపోయిందని మనమే గ్రహించాలి. ముఖాలు ప్రక్కకు తిరిగి ఉంటాయి. ముక్కు ఎటు చూస్తే కథ అటు నడుస్తుంది. మగవారి తలలమీద పొడుగు కుళ్ళాయిలు, ఆడవారి చీరలమీద ఒకదానికొకటి పోలిక లేని అద్దకాలు. ధర్మవరం, హిందూపురం నేతగాళ్ళు ఈ చీరలను చూసి అంచులు నేసినారంటే నేను నమ్ముతాను.

కన్నడ కుటుంబం ఒకటి, హైదరాబాదువారు కొందరు, ఉత్తరాది దంపతులు ఇద్దరు, అందరూ ఆ పట్టీ క్రిందే మెడలు నొప్పిపెట్టేదాకా నిలబడ్డారు. పెండ్లి పట్టీ దగ్గర ఎవరికీ ఎవరూ చెప్పవలసిన అవసరం రాలేదు. మనునీతి చోళుని దగ్గరికి వచ్చేసరికి అందరూ గైడు ముఖం చూసినారు.

లేపాక్షిలో కల్యాణమంటపం దగ్గర గోడమీద రెండు ఎర్రని మచ్చలు చూపిస్తారు. రాయల ధనాన్ని అనుమతి లేకుండా గుడికి ఖర్చు పెట్టినాడని నిందపడి, రాజదండన రాకముందే విరూపణ్ణ తన కన్నులు తానే పెరికి గోడకు కొట్టినాడని, ఇవి ఆ గుర్తులని చెబుతారు. చరిత్ర దీనిని ఒప్పుకొంటుందా అనేది వేరే మాట. వందల గజాల వర్ణచిత్రాలు పైన ఉండగా, ఎవరూ గీయని ఈ రెండు మచ్చల దగ్గరే జనం గుమిగూడుతారు. పైనున్న బొమ్మలలో సగం రాలిపోతున్నాయి. ఈ మచ్చల కథకు మాత్రం చెప్పేవారి కొరత లేదు.

ధర్మవరం వైపున నిమ్మలకుంట ఉన్నది. ఈ ప్రయాణంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఊరు ఇదే. తోలుబొమ్మలు చేసి ఆడించే కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్ర తోలుబొమ్మలు పెద్దవి. మనిషెత్తుకు దగ్గరగా ఉండేవి కూడా ఉన్నాయి. మేకతోలును పలచగా గీకి, రెండువైపులా రంగు వేసి, నగలు ఉండవలసినచోట ఉలితో సన్నని రంధ్రాలు పొడుస్తారు. వెనుక దీపం వెలిగిస్తే ఆ రంధ్రాలే రత్నాలు. వీరి ఇంటి భాష మరాఠీకి దగ్గరి మాట. తెర వెనుకకు పోతే తెలుగు రామాయణం. ఇటువంటి వృత్తివారే కన్నడ దేశంలో కిళ్ళేక్యాతలనే పేరుతో కన్నడంలో ఆడతారు. భాష ఏదైనా పది తలలుంటే రావణుడే, తోక ఉంటే హనుమంతుడే. పల్లెలో తెల్లవార్లూ జరిగే ఆటలో నిద్రకు జోగేవారిని మేలుకొలపడానికి బంగారక్క, కేతిగాడు మధ్యమధ్య వచ్చి మోటు సరసాలాడి పోతారు.

అటువంటి ఆటలు ఇప్పుడు అరుదు. ఇళ్ళలో చేసేవి ఎక్కువగా దీపాల తొడుగులు, తలుపు తెరలు, గోడకు తగిలించే పటాలు. మేము వెళ్ళిన ఇంట ఒక యువకుడు దశావతారాల దీపపు తొడుగు చేస్తున్నాడు. పని ఎంత సున్నితంగా ఉన్నదంటే కన్ను మరల్చలేము. ఇది మీకు కూడు పెడుతున్నదా అని అడిగితే, "ఆటకంటె ఇదే మేలు సార్" అన్నాడు. దానికి బదులు చెప్పడానికి మనకు నోరు లేదు. ఆట కట్టించి డబ్బు ఇచ్చేవారిలో మనం లేము కదా. "కథ వచ్చునా?" అని అడిగాను. "మా నాయనకు రాత్రంతా చెప్పేంత వచ్చు. నాకు కొన్ని పద్యాలు వచ్చు" అన్నాడు. ఆ తొడుగు ఏదో నగరంలో ఒకరి మంచం ప్రక్కన వెలుగుతుంది. దానిమీద వామనుడు కాలెత్తి నిలబడి ఉంటాడు. ఆ ఇంట ఆయన ఎవరో చెప్పేవారు ఉండవచ్చు, లేకపోవచ్చు.

తిరిగి పావగడ మీదుగానే వచ్చాము. తాలూకాలోని తిరుమణి ప్రాంతంలో ఐదు ఊళ్ళ పొలాలమీద 13,000 ఎకరాలలో సూర్యరశ్మితో విద్యుత్తు తీసే పలకలు పరచినారు. 2019 చివరికి పూర్తయింది, 2,050 మెగావాట్లు. రైతులు భూమి అమ్మలేదు, కౌలుకు ఇచ్చినారు. వానలు లేని సీమలో ఏటా తప్పకుండా వచ్చే కౌలు ఎంత ఊరటో అక్కడివారి మాటలలోనే వినాలి. దానిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. కాని చేల మధ్య గట్లు లేని చోట గట్టురాయికి పని లేదు. ఎద్దులను మళ్ళించేవాడు లేనప్పుడు లింగముద్రను ఎవరు చూస్తారు? రోడ్లు వెడల్పు చేసేచోట, ఇండ్లు కట్టేచోట కూడా ఇటువంటి రాళ్ళే ముందు కదులుతాయి. బట్టలు ఉతికే బండగా, కాలువమీద దాటే పలకగా బోర్లా పడివున్న వీరగల్లులను కన్నడ సీమలో చాలామంది చూసే ఉంటారు. కుంకుమ పెట్టిన రాయి బ్రతుకుతున్నది. ఆ లెక్కన తాతగారి పెండ్లాల కథ ఆ రాతికి గొప్ప రక్షణ.

వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. బెంగుళూరునుండి పావగడకు మధుగిరి మీదుగా బస్సులున్నాయి. లేపాక్షికి హిందూపురందాకా రైలులో పోవచ్చు. ఎండాకాలం వద్దు. వీరగల్లు చూడడానికి సూర్యోదయమైన తరువాత గంటన్నర, సాయంకాలం చివరి గంట మంచివి. వెలుతురు ప్రక్కనుండి పడితేనే గీతలు లేస్తాయి, నడినెత్తిన ఎండ ఉంటే రాయి బోడిగా కనిపిస్తుంది. సుద్దముక్కతో గీతలు దిద్దవద్దు, నూనె పూయవద్దు. చెంబెడు నీళ్ళు చల్లితే చాలు. పూజలో ఉన్న రాయి అయితే అడగకుండా తాకవద్దు. పిల్లలను తీసుకొని వెళ్ళండి. మీరు ముందుగా చదివి వచ్చినది చెప్పకుండా, ఆ ఊరి ముసలివారిని అడగమని పిల్లలను పంపండి. వారు చెప్పింది చెప్పినట్లు ఒక పుస్తకంలో వ్రాసుకోమనండి. ఏ లిపిలో వ్రాసినా సరే.